మూగవోయిన యు.యస్.బి. పోర్టులు

ఒక ఉన్నత పాఠశాలను ఊహింపుడు. పదవ తరగతి విద్యార్థులు నెల దినములు శ్రమించి తమ ఊరి చెరువు నీటిని పరీక్షించి వ్రాసిన నివేదిక పాఠశాల లాప్‌టాప్‌లో ఉన్నది. మరునాటి ఉదయము దానిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొని జిల్లా విజ్ఞాన ప్రదర్శనమునకు పోవలెను. ఆనాడు ఊరిలో ఇంటర్నెట్ పనిచేయుట లేదు. సాయంకాలము భౌతికశాస్త్రోపాధ్యాయుడు పెన్‌డ్రైవును పోర్టులో గ్రుచ్చగా ఏమియు జరుగలేదు. రెండవ పోర్టులోను, ఎడమ ప్రక్కనున్న మూడవ పోర్టులోను అదే మౌనము. మౌసు తగిలించినను తెరమీది బాణము కదలలేదు. యంత్రమును ఆర్పి వెలిగించినను ఫలము లేకపోయెను. బజారులోని మరమ్మతుదారునికి ఫోను చేయగా అతడు యంత్రమును చూడకయే తీర్పు చెప్పెను: “మదర్‌బోర్డు పోయిందండీ. మార్చాలంటే కొత్త లాప్‌టాప్ ధరలో సగమవుతుంది.”

ఇట్టి తీర్పు నిజము కావచ్చును. కాని పెక్కు సందర్భములలో కాదు. పనిచేయని పోర్టును ‘చచ్చినది’ అనుట సులభము. అయితే ఆ మాట వ్యాధి పేరు కాదు. పోర్టు పనిచేయుటకు వరుసగా కొన్ని పనులు జరుగవలెను. అందు ఏ ఒక్కటి ఆగినను పైకి కనబడు లక్షణ మొక్కటే, మౌనము. ఏ మెట్టువద్ద ఆగినదో కనుగొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఒక మౌసు, ఒక కీబోర్డు, కొంత ఓపిక చాలును.

1996 జనవరికి పూర్వము కంప్యూటరు వెనుక భాగము చిత్రమైన సంతవలె ఉండెడిది. కీబోర్డు కొక రంధ్రము, ప్రింటరునకు మరియొక పెద్ద రంధ్రము, మోడెమునకు వేరొకటి. ఒకదాని ప్లగ్గు మరియొకదానిలో పట్టదు. ఈ గందరగోళమును తొలగించుటకు ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఐ.బి.యం., కాంపాక్, డిజిటల్, ఎన్.ఇ.సి., నార్టెల్ అను ఏడు సంస్థలు కలిసి యు.యస్.బి. అను ఉమ్మడి పద్ధతిని ఆ నెలలో ప్రకటించినవి. దీని రూపకల్పనలో ఇంటెల్ బృందమునకు నాయకత్వము వహించిన అజయ్ భట్ బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయములో చదివిన ఇంజనీరు. అన్ని పనులకు ఒకే ద్వారమగుట గొప్ప సౌకర్యమే. కాని ఆ ద్వారము మూసుకొన్ననాడు ప్రింటరు, మౌసు, పెన్‌డ్రైవు అన్నియు ఒక్కసారే గుమ్మము బయట నిలిచిపోవును.

ఆ ద్వారమున ఉన్నదేమి? మామూలు యు.యస్.బి. తీగెలో నాలుగే నాళము లుండును. రెండు విద్యుత్తునకు: ఒకటి 5 ఓల్టుల ధనతీగె, మరియొకటి భూతీగె. తక్కిన రెండును వార్తలకు. 2008 నవంబరులో వెలువడిన యు.యస్.బి. 3.0 పద్ధతిలో వీటికి తోడు మరి ఐదు స్పర్శలు చేర్చబడినవి. పెక్కు యంత్రములలో దానిని నీలిరంగు నాలుకనుబట్టి గుర్తింపవచ్చును. పెన్‌డ్రైవు మొనను వెలుతురులో చూచినచో నాలుగు లోహపు పట్టీలలో అంచులనున్న రెండు, నడుమనున్న రెండింటికంటె కొంచెము పొడవుగా నుండును. ఇది అందమునకు చేసినది కాదు. అంచు పట్టీలు విద్యుత్తువి. ముందు విద్యుత్తు అంది, పరికరము మేలుకొనిన పిదపనే వార్తల తీగెలు తగులవలెనని ఈ ఏర్పాటు.

కావున మొదటి ప్రశ్న: పోర్టునకు విద్యుత్తు వచ్చుచున్నదా? దీనికి చౌకయైన పరీక్షాయంత్రము ఎర్రని దీపముగల మౌసు. మౌసును తిరగవేసి పోర్టులో తగిలించినపుడు దీపము వెలిగినచో 5 ఓల్టుల మార్గము సరిగానున్నట్లే. (కొన్ని మౌసులలో కంటికి కనబడని పరారుణ కాంతిని వాడుదురు, అట్టిది ఈ పరీక్షకు పనికిరాదు.) దీపము వెలుగనిచో వార్తల సంగతి ఆలోచించుట వ్యర్థము, ముందు విద్యుత్తు ఎచట ఆగినదో చూడవలెను.

ఇచట చాలమందికి తెలియని విషయ మొకటి కలదు. పోర్టు కొన్నిసార్లు తననుతాను రక్షించుకొనుటకే విద్యుత్తును ఆపును. యు.యస్.బి. 2.0 పద్ధతిలో పరికరము తొలుత 100 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసికొనవలెను. కంప్యూటరు అనుమతించిన పిమ్మట 500 వరకు తీసికొనవచ్చును. 3.0 లో ఈ హద్దు 900. పోర్టులో లోహపు ముక్క పడినను, వంగిన పట్టీ పక్కదానికి తగిలినను, నీరు చేరినను ప్రవాహము ఈ హద్దులను దాటిపోవును. ఆ ప్రవాహము మదర్‌బోర్డును కాల్చకుండ మధ్యలో ఒక కావలివాడుండును.

ఈ కావలివాడు రెండు విధములు. ఒకటి పాలీఫ్యూజు. ఇంటి ఫ్యూజులోని తీగె కరిగినచో మార్చవలసినదే. పాలీఫ్యూజు అట్లు కాదు. అది కర్బన రేణువులు కలిపిన ఒక ప్లాస్టిక్కు. మామూలు స్థితిలో రేణువులు ఒకదానినొకటి తాకుచు గొలుసులవలె నుండి విద్యుత్తును పోనిచ్చును. ప్రవాహము మితిమీరినపుడు ప్లాస్టిక్కు వేడెక్కి వ్యాకోచించును, గొలుసులు తెగును, నిరోధము విపరీతముగా పెరిగి ప్రవాహము దాదాపు ఆగును. చల్లారిన పిదప రేణువులు మరల దగ్గరకు వచ్చును. వ్యాకోచ సంకోచముల పాఠమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకుట కష్టము. రెండవ విధము ఒక చిన్న విద్యుత్ స్విచ్చి చిప్పు. అది అపాయమును గమనించి ప్రవాహమును కత్తిరించి, ఆ సంగతి కంప్యూటరునకు తెలుపును. కంప్యూటరు తిరిగి ఆజ్ఞ ఇచ్చువరకు కొన్ని యంత్రములలో ఆ పోర్టు మూతబడియే యుండును.

అందుచే మౌసు దీపము వెలుగనపుడు చేయవలసిన పని ఒకటి కలదు. అన్ని పరికరములను ఊడదీసి, యంత్రమును ఆర్పి, ఛార్జరును తీసివేయవలెను. బ్యాటరీ సులభముగ ఊడివచ్చునదైనచో దానినికూడ తీసి, పవరు మీటను అరనిమిషము నొక్కి పట్టవలెను. ఇందలి రహస్యము మంత్రము కాదు. లాప్‌టాప్ ఆరిపోయినట్లు కనబడినను లోపల విద్యుత్ సరఫరాను నడిపించు చిన్న నియంత్రక చిప్పు మేలుకొనియే యుండును. కెపాసిటర్లలో మిగిలిన విద్యుదావేశము తరిగిపోయిననే అది తన పాత అవస్థను మరచును. కొన్ని నిముషములు ఆగి తిరిగి వెలిగించినచో, కారణము తాత్కాలికమైనదైతే, పోర్టు లేచి కూర్చుండును. పోర్టు లేచినదని వెంటనే పాత పరికరమును తగిలింపరాదు. దోషము ఆ పరికరములోనే యుండవచ్చును గదా!

దీపము వెలిగియు మౌసు కదలనిచో కథ వేరు. విద్యుత్తు ఉన్నది, సంభాషణ లేదు.

ఈ సంభాషణ తరగతిలో హాజరు పిలుచుట వంటిది. ఉపాధ్యాయుడు పిలిచిననే విద్యార్థి పలుకవలెను. తనంతట తాను లేచి మాటలాడరాదు. యు.యస్.బి.లో కంప్యూటరే ఉపాధ్యాయుడు. మౌసును కదపినపుడు అది కేకవేసి చెప్పదు, కంప్యూటరు మామూలు మౌసును సాధారణముగా సెకనునకు 125 సార్లు “కదలితివా?” అని అడుగుచునే యుండును. క్రొత్త పరికరము వచ్చినదని తెలియుటకు మాత్రమొక సూక్ష్మమైన ఏర్పాటు కలదు. పరికరములో 1,500 ఓముల నిరోధ మొకటి వార్తల తీగెలలో ఒకదానిని పైకి లాగి పట్టును. ఏ తీగె పైకి లేచినదో దానినిబట్టి అది మెల్లగా మాటలాడు పరికరమా, వేగముగలదా అని కూడ కంప్యూటరు తెలిసికొనును. పిమ్మట క్రొత్తవానికి సున్న అను తాత్కాలిక సంఖ్య నిచ్చి, “నీ వెవరు? ఎవరు తయారుచేసిరి? ఏ పని చేయుదువు?” అని ప్రశ్నించును. తృప్తికరమైన ప్రత్యుత్తరము వచ్చినచో శాశ్వత సంఖ్య నిచ్చును. సంఖ్యకు ఏడు బిట్లు కేటాయింపబడినవి. రెండును ఏడుసార్లు హెచ్చవేసిన 128. సున్న క్రొత్తవారికై ఉంచగా మిగిలినవి 127. ఒక నియంత్రకము క్రింద ఉండదగిన పరికరముల గరిష్ఠ సంఖ్య ఇదే.

కంప్యూటరు తెరపై “పరికరమును గుర్తింపలేదు” అను ప్రకటన వచ్చినపుడు పలువురు నిరాశపడుదురు. నిజమునకది శుభవార్త. విద్యుత్తు అందినది, క్రొత్తవాడు వచ్చినట్లు తెలిసినది, ప్రశ్న వేయబడినది, ప్రత్యుత్తరము మాత్రమే తప్పుగ వచ్చినది లేదా రాలేదు. మురికి, అరిగిన తీగె, చెడిన పెన్‌డ్రైవు వీటిలో ఏదో ఒకటి కారణమై యుండును. ఫోను ఛార్జింగుకై అమ్ము కొన్ని చౌక తీగెలలో విద్యుత్తు నాళములు రెండే యుండును, వార్తల నాళములు అసలే యుండవు. అట్టి తీగెతో ఫోనును లాప్‌టాప్‌కు కలిపి, ఛార్జింగగుచున్నది గాని చిత్రములు రావేమని గంటలకొలది వెదకినవారు లేకపోలేదు.

ఇక ఏ ప్రకటనయు రాక, దీపము మాత్రము వెలుగుచున్నపుడు అనుమానము నియంత్రకముపైకి, దానిని నడిపించు డ్రైవరు అను ప్రోగ్రాముపైకి పోవును. ఈ రెండింటిని వేరుచేయు ప్రయోగము మిక్కిలి ముచ్చటైనది. యంత్రమును వెలిగించిన వెంటనే, విండోస్ మేలుకొనకముందే, తయారీదారు నిర్దేశించిన మీటను నొక్కి బయాస్ అమరికల పుటలోనికి పోవలెను. అచట బయటి యు.యస్.బి. కీబోర్డును తగిలించి బాణపు మీటలు నొక్కి చూడవలెను. ఈ పుటలో విండోస్‌గాని దాని డ్రైవర్లుగాని లేవు. కీబోర్డు అచట పనిచేసి, విండోస్‌లో పనిచేయనిచో పోర్టు, నియంత్రకము రెండును నిర్దోషులు, నేరము ప్రోగ్రాములది. అచటను పనిచేయనిచో దోషము లోహములో నుండుటకు అవకాశ మెక్కువ. అయితే ముందుగా ఆ పుటలోనే పోర్టులను ఎవరైన మూసియుంచిరేమో చూడవలెను. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను వైరసు పెన్‌డ్రైవుల ద్వారాకూడ వ్యాపించినది. అట్టి భయముచే కార్యాలయములలోను కంప్యూటరు గదులలోను పోర్టులను బుద్ధిపూర్వకముగ మూయుట కలదు. అట్టివాటిని తెరచుట మరమ్మతు కాదు, అధికారిని అడుగవలెను.

లోహములో ఏ దోషము లేకయే పోర్టులన్నియు మూగవోయిన ప్రసిద్ధ సందర్భ మొకటి ఇచట చెప్పదగును. 2009లో వెలువడిన విండోస్ 7 కు యు.యస్.బి. 3.0 నియంత్రకముల భాష తెలియదు. 2015 వరకు యంత్రములలో పాత 2.0 నియంత్రకముకూడ ఉండుటచే ఇబ్బంది కలుగలేదు. ఆ యేట ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లతోబాటు వచ్చిన చిప్పులలో పాత నియంత్రకమును తీసివేసిరి. దానితో క్రొత్త యంత్రములో విండోస్ 7 ను డి.వి.డి. నుండి ఎక్కింపబూనినవారికి మొదటి తెరవద్దనే మౌసు, కీబోర్డు రెండును చచ్చినట్లయ్యెను. తగిన డ్రైవరును ముందుగా చేర్చిన ప్రతితో ప్రయత్నింపగా అవే పోర్టులు చక్కగా పనిచేసినవి.

ఇపుడు పాఠశాలకు తిరిగి వత్తము. “మాస్టారూ, మౌసు కింద దీపం వెలుగుతోందండీ,” అని ఒక విద్యార్థిని చెప్పినది. మూడు పోర్టులలోను వెలిగినది. బయాస్ పుటలో పాఠశాల కంప్యూటరు గదినుండి తెచ్చిన కీబోర్డు పనిచేసినది. కావున మదర్‌బోర్డు పోలేదు. అయినచో ఉపాధ్యాయుడు యంత్రమును మూడుసార్లు ఆర్పి వెలిగించినను విండోస్ ఎందుకు బాగుపడలేదు? 2012లో వచ్చిన విండోస్ 8 నాటినుండి ‘షట్‌డౌన్’ అను మాటకు అర్థము కొంత మారినది. త్వరగా మేలుకొనుటకై విండోస్ తన కేంద్రభాగమును, డ్రైవర్ల స్థితితో సహా, డిస్కుపై భద్రపరచి నిద్రించును. మరునాడు దానినే తిరిగి జ్ఞాపకమునకు తెచ్చుకొనును. చిక్కుపడిన డ్రైవరుకూడ ఆ చిక్కుతోనే తిరిగి లేచును. ‘రీస్టార్ట్’ చేసినపుడు మాత్రము అంతయు మొదటినుండి ప్రారంభమగును. ఆర్పుటకంటె పునఃప్రారంభము తేలికపాటి చికిత్స యని సామాన్యముగ అందరు తలంతురు; ఇచట వ్యవహారము తలక్రిందులు. ఉపాధ్యాయుడు రీస్టార్ట్ నొక్కెను. బాణము కదలెను. నివేదిక పెన్‌డ్రైవులోని కెక్కెను.

రీస్టార్టుతో తీరనిచో డివైస్ మేనేజరును తెరచి, యు.యస్.బి. నియంత్రకముల క్రింద పసుపుపచ్చ హెచ్చరిక గుర్తుగల దానిని తొలగించి మరల రీస్టార్ట్ చేయవలెను; విండోస్ దానిని క్రొత్తగా గుర్తించి డ్రైవరును అమర్చుకొనును. లాప్‌టాప్ సొంత కీబోర్డు సాధారణముగ యు.యస్.బి. ద్వారా పనిచేయదు గనుక ఈ పనిలో చేతులు కట్టివేసినట్లు కాదు. బల్లమీది కంప్యూటరులో ఇట్లు చేసినచో ఉన్న మౌసు, కీబోర్డు కూడ ఆగిపోవచ్చును; జాగ్రత్త అవసరము. కొంతసేపు వాడకుండ వదలిన పిదపనే పోర్టులు మూగవోవుచున్నచో, విద్యుత్తును పొదుపుచేయుటకై పరికరమును నిద్రపుచ్చు అమరికను తీసివేసి చూడవలెను.

దోషము నిజముగ లోహములోనే యున్నదని తేలినపుడు కూడ అది ఎంత పెద్దదో కనుగొనుట సాధ్యమే. లాప్‌టాప్ తెరపైనున్న కెమెరా సాధారణముగ లోపలినుండి యు.యస్.బి. తీగెతోనే కలుపబడి యుండును. బయటి పోర్టులు పనిచేయక, కెమెరా మాత్రము బొమ్మను చూపుచున్నచో ప్రధాన నియంత్రకము బ్రతికియున్నదని అర్థము. ఒక ప్రక్క పోర్టులు చెడి రెండవ ప్రక్కవి బాగున్నచో ఇంకను ఊరట. అనేక లాప్‌టాప్‌లలో ఒక ప్రక్క పోర్టులు మదర్‌బోర్డుపైన కాక, వేరుగనున్న చిన్న పలకపై నుండి, రిబ్బనువంటి చదునైన తీగెద్వారా దానితో కలియును. ఆ రిబ్బను జారినను, పలక చెడినను ఆ ప్రక్క యంతయు మూగవోవును. దాని ఖర్చు మదర్‌బోర్డు ఖర్చులో స్వల్పభాగము మాత్రమే.

పోర్టును కంటితో చూచుట అన్నిటికంటె ముందు చేయవలసిన పని. మనుష్యస్వభావమో యేమో, అందరు దానిని చివరికి వదలుదురు. టార్చి వెలుతురులో చూచినచో సుద్దపొడి, నూలుపోగులు, వంగిన పట్టీలు, విరిగిన ప్లాస్టిక్కు నాలుక కనబడును. యంత్రమును ఆర్పి, ఛార్జరు తీసి, పొడి మెత్తని కుంచెతో ధూళిని తీయవచ్చును. గుండుసూది, పిన్నీసు ఎంతమాత్రము పనికిరావు. పైన చెప్పిన 5 ఓల్టుల తీగెను భూతీగెతో కలుపుటకు వానికంటె తగిన సాధనములు లేవు. నాలుక విరిగిన పోర్టులో దేనిని గ్రుచ్చినను అపాయమే. ప్లగ్గును ఒక ప్రక్కకు ఒత్తి పట్టినపుడు మాత్రమే పనిచేయు పోర్టులో టంకము చిట్లియుండును. దానిని మరల అతుకుటకు నేర్పరి కావలెను. పాఠశాలలోని సామాన్యపు టంకపు కడ్డీతో సాహసింపరాదు. క్రింది మూత ఉబ్బినట్లు కనబడినచో అది బ్యాటరీ వాచుట కావచ్చును. ఆ యంత్రమును ఛార్జింగునుండి తొలగించి, వాడకుండ, వెంటనే మరమ్మతునకు పంపవలెను.

మరమ్మతుదారునివద్దకు పోవునపుడు “పోర్టులు పోయినవి” అని ఊరకుండక, మౌసు దీపము ఏ పోర్టులో వెలిగినది, బయాస్ పుటలో కీబోర్డు పలికినదా, కెమెరా పనిచేయుచున్నదా అను మూడు సంగతులు కాగితముపై వ్రాసి ఈయవలెను. దీపము వెలుగనిచోట అతడు మల్టీమీటరుతో 5 ఓల్టులను కొలిచి చూడవలెను. పాలీఫ్యూజు లేక స్విచ్చి చిప్పు ఒక్కటే చెడినచో దానిని మాత్రమే మార్చవచ్చును. యంత్రమును అప్పగింపకముందే లోపలి పత్రములను వైఫై ద్వారా మరియొక కంప్యూటరులోనికి పంపుకొనుట మేలు. యంత్రము అసలే లేవనిచో, డిస్కు ఊడదీయదగినదైనపుడు దానిని బయటికి తీసి వేరొక యంత్రమునకు తగిలించి చదువవచ్చును. ఆ డిస్కు బిట్‌లాకరుతో బంధింపబడియున్నచో మాత్రము 48 అంకెల తాళపు సంఖ్య కావలెను. ఆ సంఖ్యను యంత్రము బాగుగనున్ననాడే పాఠశాల రిజిస్టరులో వ్రాసియుంచవలెను.